సాయంత్రం రైలుకు వస్తానని చెప్పాను

మేము లేచిపోయింది అమావాస్య రోజు. ఆ రోజును ఎంచింది నేనే. ధర్మవరంలో మా వీధిలో అమావాస్యకు ఎవరూ మగ్గంలో కాలు పెట్టరు. మిగతా రోజుల్లో పొద్దున ఆరుకల్లా నాయన మగ్గం గుంతలో కూర్చుని "ఏమ్మా, రా" అని పిలిచేవాడు. అంచు ఒక రంగు, నడుమ ఇంకో రంగు ఉండే పట్టుచీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. నడుమ భాగం ఆయన నేస్తే, కుడిచేతి పక్క అంచుకు దారపు కండె ఉండే నాడె వేసేది నేను. నా చేతి నుంచి నాడె కదలకపోతే ఆయన చెయ్యీ ఆగిపోతుంది. పదో తరగతి అయిపోయినప్పటి నుంచి నాలుగేళ్ళు అలా కూర్చున్నాను. అమావాస్య ఒక్కరోజే నన్ను ఎవరూ పిలవరు. కుట్టుమిషను నేర్పే ఆమె ఇంటికి పోతున్నానని చెప్పి, నా ఫోను బియ్యం డబ్బాలో పెట్టి, బ్యాగు తీసుకుని వచ్చేశాను. సాయంత్రం దాకా వెతకరని నా అంచనా. అంత తెలివి ఏదైనా మంచి పనికి వాడి ఉంటే బాగుపడేదాన్ని.

అతను హిందూపురంలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే చోట పని చేసేవాడు. పరిగి దగ్గర పల్లె వాళ్ళది. పట్టు మూటలు తీసుకుని మా వీధికి వచ్చేవాడు. మూట దించి వెంటనే పోకుండా మా అరుగు మీద నీళ్ళు అడిగి తాగేవాడు. రెండేళ్ళు నీళ్ళు తాగాడు. వాళ్ళ కులం వేరు. అమ్మకు చెప్పాను. అమ్మ నా నోరు మూసి ఏడ్చింది. ఆ నెలలోనే మా మేనమామ కదిరి వైపు నుంచి ఒక సంబంధం పట్టుకొచ్చాడు. అందుకే అంత తొందరగా బయలుదేరాల్సి వచ్చింది.

మా వైపు వాళ్ళు లేచిపోతే బెంగళూరుకో తిరుపతికో పోతారు. వెతకడానికి పోయేవాళ్ళకూ ఆ రెండూళ్ళే తెలుసు. అతని స్నేహితుడొకడు మంగళూరుకు లారీ తోలేవాడు. అక్కడి నుంచి పైకి పోతే రోడ్డు పొడుగునా సముద్రమేనని, అటు మనవాళ్ళు ఎవరూ రారని చెప్పాడట. అతనికి కన్నడ మాతృభాషంత బాగా వచ్చు. నేను సముద్రాన్ని సెల్‌ఫోనులో తప్ప ఎప్పుడూ చూడలేదు. సరే పోదామన్నాను.

బెంగళూరులో బస్సు మారి, మంగళూరులో ఇంకో బస్సు ఎక్కి, మరుసటి రోజు మధ్యాహ్నం ఉడుపి దాటాక నేను మొదటిసారి సముద్రం చూశాను. ఒకచోట రోడ్డుకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది. కొబ్బరిచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. బస్సులో జనం లేచి ఫొటోలు తీసుకుంటున్నారు. అంత అందమైన చోటు నా జన్మలో మళ్ళీ చూడలేదు. కానీ నేను చూసింది తక్కువ. బస్సు ఆగిన ప్రతిచోటా ఎక్కేవాళ్ళ ముఖాల్లో మా మేనమామ ముఖం వెతుకుతూ కూర్చున్నాను.

ఆ రోజే అతను కొత్త సిమ్ము వేసుకుని తమ్ముడికి ఫోను చేశాడు. మా మేనమామ నలుగురిని తీసుకుని వాళ్ళ పల్లెకు పోయాడని తెలిసింది. అతని తండ్రి చెయ్యి విరిచారు. పిల్ల మైనరని కంప్లైంటు ఇస్తామని, పెళ్ళి కాకముందే తెచ్చుకుంటామని చెప్పి పోయారట. నాకు అప్పటికి పంతొమ్మిది నిండాయి. కానీ ఆ మాట కాగితం చెప్పాలి, నేను చెబితే చాలదు. కాగితంతో పెళ్ళయితే మమ్మల్ని ఎవరూ విడదీయలేరు. కాకపోతే నన్ను ఈడ్చుకుపోయి ఆ సంబంధానికి కడతారు, అతన్ని జైల్లో వేస్తారు. తండ్రి చెయ్యి సంగతి విన్నాక అతను ఫోను ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను ఓదార్చనైనా లేదు, అంత భయంగా ఉండింది నాకు.

ఆ తీరంలోనే ఒక చిన్న ఊళ్ళో దిగాం. అక్కడి గుళ్ళో పెళ్ళిళ్ళు చేస్తారని, ఇద్దరి ఆధార్ కార్డులు చూపిస్తే మరునాడు పొద్దున్నే ముహూర్తం పెడతారని అతను కనుక్కున్నాడు. సాయంత్రం కార్డులు తెమ్మన్నారు. రెండు గంటల సమయం ఉంది కదా అని సముద్రం దగ్గరికి పోయాం. ఆకలిగా ఉండింది. బ్యాగు మోయలేక, నీళ్ళకు చాలా దూరంగా, ఎండిన ఇసుకలో ఒక పడవ చాటున పెట్టి, రోడ్డు మీద హోటలుకు పోయి తిని వచ్చాం.

వచ్చేసరికి ఆ పడవ కిందికి నీళ్ళు వచ్చి ఉన్నాయి. బ్యాగు లేదు.

ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. కానీ మేము చూసిన నీళ్ళు చెరువు నీళ్ళు. వానొస్తే నిండుతుంది, తర్వాత రోజురోజుకూ తగ్గుతుంది, ఎండుతుంది. ఎండపూట, ఆకాశంలో మబ్బు లేకుండా, మనం అన్నం తిని వచ్చేలోపల నీళ్ళు గట్టెక్కి వస్తాయని మాకెవరు చెప్పారు? చేపలు ఆరబెట్టే ఒకామె మమ్మల్ని చూసి ఏదో అరిచింది. ఏమంటోందని అడిగాను.

"అమావాస్య పోయి రెండు దినాలు గూడా కాలేదు, నీళ్ళు ఎక్కువగా వస్తాయని తెల్దా అంటాంది" అని చెప్పాడతను.

అమావాస్య అంటే నాకు మగ్గానికి సెలవనే తెలుసు. నేను తెలివిగా ఎంచుకున్న రోజే మమ్మల్ని ముంచింది. నా ఆధార్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్టు, పెళ్ళికని దాచి తెచ్చిన చీర, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. అతని కార్డు జేబులో ఉండబట్టి మిగిలింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి అతను వెతుకుతుంటే, గట్టు మీద నిలబడి అతన్నే తిట్టాను.

ఊళ్ళో నెట్ సెంటరు ఒకటి ఉంది. నడిపేది నా వయసు అమ్మాయే. కార్డు మళ్ళీ తీయొచ్చని చెప్పింది. నంబరు నాకు నోటికి వచ్చు, కొట్టింది. ఓటీపీ వస్తుందని, ఫలానా ఫోనుకు పోతుందని తెర మీద చివరి అంకెలు చూపించింది. అది నాయన నంబరు. మా ఇంట్లో అందరి కార్డులూ ఆ ఒక్క నంబరు మీదే ఉన్నాయి.

నాయనది బటన్ల ఫోను. మెసేజ్ ఏది వచ్చినా "చూడుమ్మా" అని నా చేతికి ఇచ్చేవాడు. ఆయన అంకెలు తప్ప ఇంగ్లీషు చదవలేడు. ఓటీపీ పది నిమిషాలే పని చేస్తుందని ఆ అమ్మాయి చెప్పి, తన ఫోను నాకిచ్చింది. అతను వద్దని చెయ్యి పట్టుకున్నాడు. విదిలించి చేశాను.

"ఎవరప్పా?" అన్నాడు నాయన.

"నాయనా, నేను."

వెనక మగ్గం శబ్దం లేదు. నేను లేకుండా ఎట్లా ఉంటుంది?

"యాడుండావు పాపా? అన్నం తింటివా?" అన్నాడు.

తిడతాడని సిద్ధపడి ఉన్నాను. తిట్టి ఉంటే నేనూ గట్టిగా మాట్లాడేదాన్ని. అన్నం తింటివా అనేసరికి నా నోట్లోకి ఆ అబద్ధం దానంతట అదే వచ్చింది. ఎవరూ నేర్పలేదు.

"తింటి. నేను ఇంటికొస్తాండా నాయనా. నా కార్డు పోయింది, రైలు టికెట్టుకు కావల్ల. నీ ఫోనుకు మెసేజ్ వచ్చింటాది, దాంట్లో ఆరు అంకెలు ఉంటాయి, చెప్పు."

"ఏ రైలుకు వస్తాండావు?"

"రేపు సాయంత్రం రైలుకు. బెంగళూరు నుంచి."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

మెసేజ్ ఎలా తెరవాలో చెప్పాను. ఫోను పెట్టేసి చూసి, గోడ మీద సుద్దముక్కతో రాసుకుని, మళ్ళీ ఆయనే చేశాడు. ఒక్కొక్క అంకె చెప్పి, నేను తిరిగి చెప్పేదాకా ఆగి, తర్వాతది చెప్పాడు. మగ్గం మీద దారాలు లెక్కపెట్టేటప్పుడు కూడా అలాగే చెప్పేవాడు. చివరి అంకె అయ్యాక "రామ్మా. మీ మామతో నేను మాట్లాడతా" అని పెట్టేశాడు.

కార్డు ప్రింటయింది. బయటికి వచ్చాక "ఏంటికి అట్ల చెప్తివి? పాపం ఆయప్ప నమ్మింటాడు" అన్నాడు అతను. "నీకు జైలు కావల్లంటే ఇప్పుడే చెప్పు, నిజం చెప్పి వస్తా" అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మరునాడు పొద్దున పెళ్ళయింది. పట్టు నేసే ఇంటి పిల్లను, బజారులో కొన్న నైలాన్ చీర కట్టుకుని పసుపుతాడు కట్టించుకున్నాను. గుడివాళ్ళు కాగితం రాసి ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, నా జాకెట్టులో దాచుకున్నాను. సాయంత్రం ఇద్దరం బండల మీద కూర్చున్నాం. పొద్దు గుంకే వేళ నీళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. చుట్టూ కొత్తగా పెళ్ళయిన జంటలు. అతను ఏదో చెబుతున్నాడు, నేను అతని ఫోనులో టైము చూస్తున్నాను. రైలు హిందూపురం వచ్చి ఉంటుంది. ఇప్పుడు పెనుకొండ దాటి ఉంటుంది. ఇప్పుడు ధర్మవరంలో ఆగి ఉంటుంది. నాయన స్టేషనుకు రాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ కాగితం వల్లే మేం బతికాం. మేనమామ కంప్లైంటు ఇవ్వనే ఇచ్చాడు, స్టేషనులో కాగితం చూసి వదిలేశారు. హిందూపురంలో ఇల్లు తీసుకున్నాం. నేను బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చున్నాను. మామగారి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే నాకు అన్నం వడ్డించేవాడు, ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఏడాది తర్వాత అమ్మ నన్ను చూడటం మొదలుపెట్టింది. ఆస్పత్రికని చెప్పి పెనుకొండ వచ్చేది, నేను హిందూపురం నుంచి పోయేదాన్ని. కొండ కనపడే ఒక హోటలు బెంచీ మీద గంటసేపు కూర్చునేవాళ్ళం. మొదటిసారే చెప్పింది.

"ఆ పొద్దు మీ నాయన తెల్లంగి ఏసుకుని స్టేషనుకు పాయ. నువ్వు దిగల్యా. టికెట్టు దొరికిండదులే, రేపొస్తాది అన్య. మల్లా రోజూ పాయ. నాలుగు దినాలు అదే రైలుకు పాయ. వీధిలో అందరికీ నా కూతురు వస్తాండాది అని చెప్పిండ. ఐదో దినం స్టేషను బయట టీ అంగడిలో ఎవడో ఫోనులో నీ పెండ్లి ఫోటో సూపిచ్చినాడంట."

ఆ ఫోటో పెట్టింది మా ఆయన స్నేహితుడు, సంతోషం పట్టలేక. వీధిలో నాయనను చూసి నవ్వారని అమ్మ చెప్పింది. సగం నేసిన చీర ముగించడానికి అమ్మ నా చోట కూర్చుందట. అమ్మకు చూపు ఆనదు. అంచు కలిసే చోట చీర పొడుగునా తప్పులు వచ్చాయి, వ్యాపారి తీసుకోలేదు. ఆ తర్వాత నాయన మా మగ్గం ఎత్తేసి, వేరేవాళ్ళ ఇంట్లో కూలికి నేయడం మొదలుపెట్టాడు. ఇంకొకరి గుంతలో కూర్చోవడం ఆయనకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు తప్ప ఎవరికీ అంత బాగా తెలియదు.

ఆరేళ్ళు నేను ఆయనకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. వేరే దారి లేదని, నిజం చెబితే నంబరు చెప్పేవాడివి కాదని, మామ చంపేసేవాడని. బస్సులో, మిషను మీద, వంట చేస్తూ, అన్నీ సమాధానాలే. తప్పు చేశాననే మాట మాత్రం వాటిలో లేదు.

పోయిన వానాకాలం అమ్మ నాయనను వెంటబెట్టుకుని వచ్చింది. నాకు ముందు చెప్పలేదు. బెంచీ మీద చివర కూర్చుని ఉన్నాడు, చిక్కిపోయాడు. టీ చెప్పాను. తాగాడు. నేను దాచుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేశాను. వేరే దారి లేకపోయె నాయనా, నిజం చెప్పింటే నువ్వు నంబరు చెప్పవని భయపడితి అన్నాను. నా గొంతు పెద్దదయింది, పక్కవాళ్ళు చూశారు.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఏంటికి చెప్పను పాపా? నువ్వు రానని చెప్పింటే గూడా నంబరు చెప్పింటానే" అన్నాడు.

అది నిజమో, ఆరేళ్ళ తర్వాత తోచిన మాటో నేను అడగలేకపోయాను. ధర్మవరం బస్సు వచ్చింది. అమ్మ కిటికీ పక్క కూర్చుని నాకు చెయ్యి ఊపింది. నాయన అవతలి వరుసలోకి పోయి కూర్చున్నాడు.