సిరాతో రాసిన చీటీ

ముందుగా క్షమించండి. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, అక్షర దోషాలు కూడా ఉంటాయి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. కూడబలుక్కుని చదవండి. మన మేడం పోయిన నెల పోయారు. నాచారంలో తన ఇంట్లోనే, పొద్దున కుర్చీలో కూర్చుని ఉండగానే పోయారు.

ఆమె దగ్గర చదువుకున్న అందరికీ ఈ కాగితం పంపమని మేడం అక్క కొడుకును అడిగాను. మొన్న కాలేజీలో సంతాప సభ పెడితే మీలో కొందరు వచ్చారు. చివరి వరుస వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ముసలివాణ్ణి నేనే. ఆమె జువాలజీ ల్యాబులో అటెండర్‌గా పనిచేసినవాణ్ణి. ఆ సభలో ఒక సారు, మేడం అంతటి మేడం కూడా పురుగు సీసాలో వేసే చీటీ సిరాతో రాసి, చేతికొచ్చిన పేరు పోగొట్టుకున్నారని చెప్పారు. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. కానీ అది నిజం కాదు. మైకు ముందుకు పోయే ధైర్యం నాకు లేక రాస్తున్నాను. ఆ చీటీ రాసింది నేను.

రిటైరయ్యాక మేడం మైక్రోస్కోపును ఇంట్లో ముందు గదిలో పెట్టుకున్నారు. నేను చిల్కానగర్ నుంచి సైకిల్ మీద పోయేవాణ్ణి. ఆమె పనికి కూర్చునే ముందు గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసేవారు, చప్పుడు కాకుండా. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. గాలికి పురుగు రెక్క లేచిపోతుందని. ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం.

ఆ పురుగు క్యాడిస్ ఈగ. పేరుకే ఈగ. గోధుమ రంగు, రెక్కల నిండా నూగు, వాలితే రెక్కలను పెంకుటింటి చూరులా దించుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో ఇసుక రేణువులు అంటించుకుని గూడు కట్టుకుంటుంది. నీళ్లు పాడైతే బతకదు. మేడం వెతికిన జాతిని చాలా ఏళ్ల కింద ఎవరో ఒక్క ఆడదాన్ని పట్టి, పేరు పెట్టి పోయారట. మగదాన్ని ఎవరూ వర్ణించలేదు. వీటిలో జాతి తేల్చాలంటే మగదాని తోక కొస చూడాలి.

పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్ల వెనక ఒక ఏటవాలు బండ ఉంది. వానలు పడ్డాక దాని మీద జాలు నీరు పలచగా కారుతూ ఉంటుంది. ఉప్పల్ పక్కన క్యాడిస్ ఈగలేమిటని తెలిసినవాళ్లు నవ్వారు. మేడం పట్టించుకోలేదు. ఒక తొలకరికి సందెవేళ అక్కడ తెల్ల గుడ్డ కట్టి లైటు పెట్టాం. ఆడది ఒకటి, మగది ఒకటి వచ్చి వాలాయి. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది.

ఒకే బండ దగ్గర దొరికాయి కాబట్టే అవి ఒక జాతివని చెప్పగలం. అది చెప్పేది సీసాలో పురుగుతోపాటు స్పిరిట్‌లో వేసే చీటీ. ఆడదాని చీటీ ఆమె రాశారు. మగదాని చీటీ నాకిచ్చారు. సీసాలో చీటీ పెన్సిల్‌తోనే రాయాలని మీ అందరికీ ప్రతి ఏడూ చెప్పినవాణ్ణి నేను. ఆ పూట మాత్రం, ఇంత గొప్పదానికి పెన్సిల్ ఏంది, నా రాత ఒక్కసారైనా అందంగా కనబడనీ అని జేబులోని ఇంకు పెన్ను తీశాను. పది రోజులకు చూస్తే స్పిరిట్ నీలంగా మారింది. చీటీ తెల్లగా ఉంది.

మేడం చీటీ చెరిగిన సంగతి దాచకుండా రాసి సైన్సు పత్రికకు పంపారు. అక్కడి పెద్ద సారు, ఈ మగది ఎక్కడిదైనా కావచ్చు, అసలు చీటీ ఎవరు రాశారని అడిగారు. ఆమె ‘నేనే’ అని జవాబు రాశారు. నేను పక్కనే ఉన్నాను.

“గది నేను గదా మేడం రాసింది.”

“ఇన్నేళ్లు నా సీసాలు కడిగావు. నీది ఒకటి నేను కడిగితే ఏమయిందయ్యా?”

వ్యాసం వాపసొచ్చింది. ఆ మగదాన్ని వదిలేయమని చాలామంది చెప్పారు. ఆమె వదలలేదు. ఆ పై రెండు వానాకాలాలు ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఈ ఏడాది మోకాళ్లు పట్టేసినా వచ్చారు. కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు నేను మోశాను. అక్కడి వాచ్‌మన్ గుడ్డను చూసి, “ఏంది తాతా, ఈగల కోసం దుప్పటి గట్టిన్రా? మా ఇంట్ల మస్తుగున్నయ్, ఉత్తగనే ఇస్త,” అన్నాడు. మేడం, “మీ ఇంట్లోవి నాకు తెలుసు నాయనా, ఇది తెలియదు,” అని గుడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు. అతను పోకుండా మాతోపాటే నిలబడ్డాడు. లైటుకు ఎడం పక్కన వాలిన మగదాన్ని ముందు చూసింది అతనే.

మేడం పెన్సిల్ నా చేతిలో పెట్టారు.

“నా రాత మంచిగుండది మేడం. మీరే రాయిన్రి.”

“మంచి రాత కాదు, ఉండే రాత కావాలి. నువ్వే రాయి.”

రాశాను. తర్వాత ఆమె బొమ్మ మొదలుపెట్టారు. తోక కొస బొమ్మలో ఎడమ సగం సిరాలో పూర్తయింది. కుడి సగం పెన్సిల్ చుక్కలుగా ఆగిపోయింది.

ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె అక్క కొడుకు సీసాల పెట్టెను కాలేజీకి ఇద్దామన్నాడు. పోయి అడిగితే జాగా లేదు, పారబోయమన్నారు. పారబోయను. పెట్టెను, ఆ బొమ్మను, మైక్రోస్కోపును సైకిల్ మీద కట్టుకుని మా ఇంటికి తెచ్చాను. స్పిరిట్ తగ్గినప్పుడల్లా పోస్తున్నాను. ముసలోడికి పురుగుల మీద ఈ లొల్లి ఎందుకని మా వాడకట్టులో అంటున్నారు, అననీ. ఆమె తప్పు చేశారని ఎవరన్నా మళ్లీ అంటే ఈసారి నోరు తెరుస్తాను.

బండ దగ్గర ప్లాట్ల బోర్డు పాతారు. వచ్చే తొలకరికి అది ఉంటుందో లేదో తెలియదు. మీలో మైక్రోస్కోపు మరిచిపోనివారు ఒక్కరు చాలు. వచ్చి కూర్చుని ఆ కుడి సగం గీయండి. గది తుడిచి పెడతాను, ఫ్యాను ఆపేస్తాను. సీసా కిటికీలో ఉంది. పొద్దున వెలుతురు పడితే స్పిరిట్‌లోంచి నా వంకర అక్షరాలు బయటి నుంచే చదవొస్తున్నాయి. అవి చెరగలేదు. వస్తారో రారో, జవాబు మాత్రం త్వరగా రాయండి.