చెరువులో నాచు నాటిన ఏడు

ఆ వేసవిలో మా చెరువులోకి రెండు ట్రాక్టర్లు దిగాయి. ఎండలకు నీళ్లు బాగా తగ్గి, నడిమధ్యన సన్నటి మడుగు మాత్రమే మిగిలిన రోజులు. ఒక ట్రాక్టరు ఈ పక్క, ఇంకొకటి ఆ పక్క. రెండింటికీ కలిపి మెలితిప్పిన ముళ్లతీగ కట్టారు. అవి కదిలితే నీళ్ల అడుగున ఉన్న నాచంతా వేళ్లతో సహా పెకిలి వచ్చేది. దాన్ని కట్ట మీద గుట్టలుగా పోశారు. అందులో చిక్కుకున్న పరక చేపలు, నత్తలు, చిట్టి రొయ్యలు ఎండలో కొట్టుకుని కొట్టుకుని చచ్చాయి. కంపు మా ఇళ్ల దాకా కొట్టింది. అయినా ఊళ్లో అందరూ "చెరువు సాఫ్ అయింది" అని సంబరపడ్డారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది వనపర్తి నుంచి పాన్‌గల్ మీదుగా పోయే దారిలో ఒక ఊరు. ఇది మొదలైంది రెండు వేల నాలుగులోనో, ఐదులోనో. నేను అప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతుండేదాన్ని. మేం నాన్నను అబ్బా అనీ, అమ్మను అమ్మీ అనీ పిలుస్తాం. చెరువు కట్ట దిగువన, కొల్లాపూర్ బస్సులు ఆగే చోట, అబ్బా చిన్న చేపలు వేయించి అమ్మేవాడు. వేలెడంత పరకలకు ఉప్పు, కారం, పసుపు, కాస్త జొన్నపిండి పట్టించి నూనెలో వేస్తే ముల్లుతో సహా కరకరలాడేవి. డ్రైవర్లు బస్సు ఆపి మరీ తినేవాళ్లు.

ఆ పరకలు మాకు తెచ్చిచ్చేది మా వెనకింటి చిన్నమ్మ. మా బంధువు కాదు, చేపలు పట్టే వాళ్ల ఇంటి మనిషి. అమ్మీ ఆమెను చెల్లె అంటుంది, ఆమె అమ్మీని అక్కా అంటుంది, అందుకని నాకు చిన్నమ్మ. వాళ్ల మగవాళ్లు వలలేసి పెద్ద చేపలు పట్టేవాళ్లు. ఒడ్డు వారన నాచులో చీరకొంగుతో, బుట్టలతో చిన్న చేపలు పట్టుకోవడం ఆడవాళ్ల పని. పరకలు గుడ్లు పెట్టేది ఆ నాచులోనే. పిల్లలు పెద్ద చేపల నోట పడకుండా దాక్కునేదీ అందులోనే.

బయటి నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టర్ చేపల సంఘం దగ్గర చెరువును గుత్తకు తీసుకున్నాడు. వలలకు అడ్డం వస్తోందని నాచు పీకించింది అతనే. అంతటితో ఆగకుండా, మళ్లీ మొలవకూడదని గడ్డిచేప పిల్లలను తెచ్చి వదిలాడు. అవి నీటి మొక్కలు తప్ప ఇంకేమీ పెద్దగా తినవు. తోటలోకి మేకల మందను తోలి తలుపు మూసినట్లయింది. వానలకు చెరువు నిండింది గానీ నీళ్లు తేరుకోలేదు. మట్టిని పట్టి ఉంచే వేళ్లు లేక, కాస్త గాలి వీస్తే చాలు, అడుగంతా లేచి నీళ్లు ఎర్రబడేవి. చిన్నమ్మ పొద్దున్నే పోయి ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. కొన్నాళ్లు చూసి అబ్బా మూకుడు బోర్లించేశాడు.

"అల్లా ఎట్ల రాస్తే గట్లయితది" అన్నాడు.

"ఇది రాసింది అల్లా కాదు, కాంట్రాక్టర్" అన్నాను. అబ్బా మూకుడును గోడ వారకు జరిపాడు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ సమయంలోనే మా అన్న తిరిగొచ్చాడు. మా దగ్గరి నుంచి వందలాది మంది పోయినట్లే అతను కూడా మేస్త్రీ వెంట కూలికి పోయాడు. సముద్రం ఒడ్డున ఏదో రేవు కోసం రాళ్ల గోడ కట్టే పని. పని అయిపోగానే పంపించేశారు. వచ్చిన రోజు కట్ట మీద నిలబడి చెరువును చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అమ్మీతో అన్నాడు:

"సముద్రం అడుగున గూడ అడవి ఉంటది అమ్మీ. నడుమంత పొడుగు నాచు. మేము రాళ్లు పోస్తుంటే అదంత సచ్చిపోయింది. నీళ్లు గిట్లనే అయినయి, మన్ను మన్ను. చాపలు దూరం పోయినయి. గప్పుడు అక్కడి ఆడోళ్లే మునిగి మల్ల నాటిండ్రు. తాడుకు కట్టి, రాయికి కట్టి. మొదాలు నేను గూడ నవ్విన. నేను వచ్చే యాళ్లకు చాపలు మల్ల తిరుగుతున్నయి."

"సముద్రంలనే నాటంగ, మన చెరువుల నాటనీకి ఏమయితది?" అంది అమ్మీ.

ఊరి బయట వదిలేసిన రాతి క్వారీ ఉంది. దాని గుంతలో నిలిచిన నీళ్లలో నాచు దండిగా పెరిగేది. అన్నా నేనూ దాన్ని వేళ్లతో తీసి తడి గోనెసంచుల్లో చుట్టి సైకిల్ మీద తెచ్చాం. చిన్నమ్మ వాళ్ల ఇంట్లో మూలన పడేసిన చినిగిన వలలు ఇచ్చింది. ఆమే, అమ్మీ కూర్చుని వాటిని కుట్టారు. చెరువుకు ఉత్తరాన బండరాళ్ల మధ్య లోపలికి చొచ్చుకుపోయిన నీళ్లున్నాయి. ఆ చోట తుమ్మ గుంజలు పాతి, గడ్డిచేపలు రాకుండా అడ్డంగా వల కట్టాం. నాచును పిడికెడు పిడికెడు కట్టలుగా చేసి, ఒక్కో కట్టకు పాత గుడ్డతో రాయి చుట్టి, కాలి బొటనవేలితో బురదలోకి తొక్కాం.

కట్ట మీద మగవాళ్లు చేరి బీడీలు కాలుస్తూ నవ్వారు. "వరి నాటేటోళ్లను చూసినం గని, నాచు నాటేటోళ్లను ఇప్పుడే చూస్తున్నం" అన్నాడొకడు. పీకేటప్పుడు నవ్వని నోళ్లు నాటేటప్పుడు నవ్వాయి.

మొదట నాటిందంతా కుళ్లిపోయింది. ఆ మట్టినీళ్లలో నడుము లోతుకు ఎండ దిగలేదు. అన్న బూతులు తిట్టుకుంటూ మళ్లీ క్వారీకి పోయాడు. రెండోసారి మోకాలి లోతులో నాటాం. అది పట్టుకుంది. వానాకాలం ముగిసేసరికి వల లోపలి నీళ్లు తేటపడి, నిలబడితే కాలి వేళ్లు కనిపించాయి. ఆ వేళ్ల చుట్టూ సూదుల్లాంటి పరక పిల్లలు తిరిగాయి. చిన్నమ్మ నీళ్లలోనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కాంట్రాక్టర్ మనిషి కొడవలితో వచ్చి వలను పైనుంచి కింది దాకా కోసేశాడు. మాకు తెలిసి పరుగెత్తుకు వెళ్లేసరికి గడ్డిచేపలు లోపలికి దూరాయి. తోకలు నీళ్ల మీద కొడుతూ మేస్తున్నాయి. ఆ చప్పుడు విని నేను రాళ్లు విసిరాను. చేపలకు రాళ్లేం లెక్క!

"ఎవర్ని అడిగి కోసినవ్?" అంది అమ్మీ.

"ఎవర్ని అడిగి కట్టిండ్రు? చెరువు మేము గుత్తకు పట్టినం. మీరు సంఘపోళ్లు గూడ కాదు. మీకేం పని ఈడ? చాపలు ఏంచుకునేటోళ్లు ఏంచుకోండ్రి."

మర్నాటికి కాడలు మాత్రం మిగిలాయి.

అన్న పట్నంలో చేపల శాఖ ఆఫీసుకు పోయాడు. అక్కడి సారు నవ్వి, "నాచు తీయించమని వస్తరు గని, పెంచుతమని ఎవరన్న వస్తరా? జర వేరే పని చూస్కో పో" అన్నాడట. ఇక మిగిలింది సంఘం. వాళ్లు కూర్చున్న రోజు అమ్మీ, అన్న, నేను పోయి అరుగు ముందు నిలబడ్డాం. సంఘం పెద్ద మంచి మాటలతోనే చెప్పాడు: "కాంట్రాక్టర్‌తోని లొల్లి ఎందుకు బిడ్డా? చెరువు మీద మీకు హక్కు లేదు. ఉన్నోళ్లకు లేని బాధ మీకేంది?"

మాకు హక్కు లేదన్నది నిజమే. హక్కున్న వాళ్లు దాన్ని గుత్తకిచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు, లేని వాళ్లం మేం నిలబడి బతిమాలుతున్నాం.

అప్పుడు వెనక నుంచి చిన్నమ్మ వచ్చింది. సంఘం ఇళ్ల ఆడవాళ్లు ఆ అరుగు దగ్గరికి రావడమే అరుదు. ఆమె భర్త కూడా ఆ కూర్చున్న వాళ్లలో ఉన్నాడు.

"అక్కకు హక్కు లేదు, సరే. నాకున్నదా?" అని అడిగింది. "గుత్తకు ఇచ్చేటప్పుడు నన్ను అడిగిండ్రా? పెద్ద చాపల వాటా మీకొస్తది. ఒడ్డు మీది చిన్న చాపలు మావి. మా అత్త పట్టింది, ఆమె అత్త పట్టింది. అవి ఎవడు అమ్మిండు? చెప్పుండ్రి, ఎవడు అమ్మిండు?"

"ఇంటికి పో" అన్నాడు భర్త.

"పోయి ఏం వండాలె? ఎర్ర నీళ్లు వండాలె?"

కూర్చున్న వాళ్లు తలలు దించుకున్నారు. దాన్ని సిగ్గు అనుకున్నాను. కాదు, వాళ్లు ఆమె వెళ్లిపోయే దాకా ఆగారంతే.

చేపలు పట్టే రోజు వచ్చింది. ఐస్ పెట్టెలతో లారీ కట్ట కిందికి దిగే దారి పట్టింది. ఆ దారికి అడ్డంగా చిన్నమ్మ కూర్చుంది. ఆమె పక్కన అమ్మీ. తర్వాత ఒక్కొక్కరే వాళ్ల వాడలోని ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. కాంట్రాక్టర్ అరిచాడు. పోలీసు జీపు పిలిపిస్తానన్నాడు. మగవాళ్లను చూసి, "మీ ఆడోళ్లను లేపుండ్రి" అన్నాడు. ఒక్కడూ కదల్లేదు. మంచితనం వల్ల కాదు, ఇంటికి పోయాక వాళ్ల మొహాలు చూడాలి కదా. ఎండ ఎక్కింది. లారీ కింద ఐస్ కరిగి నీళ్లు మడుగు కట్టాయి. పట్టిన చేపలు ఒడ్డున మెత్తబడుతున్నాయి. చివరికి అతనే దిగొచ్చాడు. బండరాళ్ల వైపు నీళ్లు ఆడవాళ్లవి, అక్కడి వలను ఎవరూ ముట్టరు అని అందరి ముందు ఒప్పుకున్నాడు. లేస్తూ చిన్నమ్మ, "నోటిమాట తప్పితే మల్ల కూసుంటం" అంది.

ఆ ఏడు నాటడానికి ఆ వాడ ఆడవాళ్లంతా వచ్చారు. నాచు ముందటి కంటే గుబురుగా లేచింది. అన్న దాన్ని చూడటానికి ఉండలేకపోయాడు. నాచు పెరిగే దాకా ఆకలి ఆగదు కదా, మేస్త్రీ పిలిస్తే మళ్లీ పోయాడు. బస్సెక్కుతూ, "గుంజలు కదిలితే రాళ్లు పెట్టు" అని మాత్రం నాతో చెప్పాడు. అలాంటి మనిషికి సొంత ఊళ్లో పని లేకుండా చేసిన కాలాన్ని నేను క్షమించలేదు.

కాంట్రాక్టర్ గుత్త అయిపోయి వెళ్లిపోయాడు. ఇక పీడ విరగడైంది అనుకున్నాం. వానలు పడగానే సంఘం వాళ్లే డబ్బాలతో చేపపిల్లలు తెచ్చారు. అమ్మీ పోయి మూత తీసి చూసింది. గడ్డిచేపలు.

"చెరువు మీ చేతికి వచ్చినంక గూడ గిదే చేస్తరా?" అంది.

"ఏడాదిల మస్తు తూగుతది బిడ్డా. పరక తూగుతదా?" అన్నాడు సంఘం పెద్ద. అని మా కళ్ల ముందే డబ్బాలు వంచాడు.

ఆ రోజు కాలేజీకి పోలేదు. చిన్నమ్మా, మిగతా ఆడవాళ్లూ ఇంకో వరస వల మోసుకొచ్చారు. నేను చున్నీ నడుముకు చుట్టుకుని నీళ్లలోకి దిగాను. పళ్లు బిగబట్టి ఒక్కో గుంజకు తాడు చుట్టి ముడేశాను, ముడి మీద ముడి. సాయంత్రానికి తాడు ఒరుసుకుని వేళ్లు చిట్లాయి. ఒడ్డున అమ్మీ తర్వాతి తాడు చాచి పట్టుకుని ఉంది.