ముప్పై వేల ముప్పై ఒకటి

పేరు చెప్పబోతుంటే నోరు మూయించాడు మేస్త్రీ. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెకు అది మొదటి రోజు. రేకు బిళ్ల ఒకటి ఆమె భుజానికి పిన్నుతో గుచ్చి, "ఇంతమంది పేర్లు బట్టీపట్టడానికి నేనేమన్నా పంతుల్నా? ఇదే నీ పేరు," అన్నాడు. బిళ్ల మీద 30031. పిన్ను చర్మంలోకి దిగింది. అతను చూసుకోలేదు.

కుక్కనైనా పేరుపెట్టి పిలుస్తారు. ఆమెను ఏళ్ల తరబడి అంకె పెట్టి పిలిచారు.

కడుపు మండి ఆమె ఆ అంకె మీద పడింది. దుప్పటి మీదికి ఇస్త్రీ మిషను వేడి పలక దిగి లేచేలోగా మనసులోనే భాగించేది. రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతోనూ ఒకటే. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, దేనితో చూసినా ఒకటే. ఆ ఆరింటినీ హెచ్చవేస్తే ముప్పై వేల ముప్పై వస్తుందనీ, తనది అంతకంటే ఒకటి ఎక్కువనీ తేలిన రోజు, పక్క మిషను ఆవిడతో, "చూశావా వదినా, ఎవడెన్ని వాటాలేసినా నేనొకదాన్ని మిగులుతా," అంది. పదిహేడూ పంతొమ్మిదీ కూడా దాన్ని తెంపలేకపోయాయి. ఆమెకొచ్చిన ఎక్కాలు అక్కడితో సరి. ఇక ఇది తెగని అంకె అని తీర్మానించుకుంది. మేస్త్రీ అరిచినప్పుడల్లా ఆ మాటే తలుచుకుని పళ్లు బిగబట్టేది.

ఆమె మొగుడు దర్జీ, నోటిదురుసు మనిషి. ఓ సెలవు పూట ఆమె గొప్పలు వినలేక, గుడ్డ కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాడు. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, అలా పైపైకి పోయి ఆగాడు.

"ఇదిగో, యాభై తొమ్మిదితో తెగిందే నీ అంకె. అయిదొందల తొమ్మిదిసార్లు. శేషం సున్నా."

"మీకు పనీపాటా లేదా?"

"నువ్వే కదే, బ్రహ్మదేవుడు కూడా తెంపలేడన్నావు."

ఆమె మళ్లీ వేసి చూసింది. సున్నాయే వచ్చింది. సుద్దగీతల్ని అరచేత్తో తుడిచిపారేసింది. ఇన్నేళ్లూ అవమానానికి బంగారు పూత పూసుకుని మురిసిపోయానా అని ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మేస్త్రీ అంకె పెట్టి పిలిచాడు. పలకలేదు. దగ్గరికొచ్చి మరీ అరిచాడు.

"చెవుడా?"

"నాకు పేరుంది. పెట్టి పిలవండి, పలుకుతా."

"పేరు ఇంట్లో పెట్టి రా. నచ్చకపోతే గేటు అటుంది."

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ముందర తడి దుప్పట్లు గుట్టపడ్డాయి. "పోనీలే వదినా," అని పక్కావిడ గొణిగింది కానీ తలెత్తలేదు. మధ్యాహ్నానికల్లా బిళ్ల లాక్కుని బయటికి పంపేశారు.

వారం తిరక్కుండా, లోపల మరిచిపోయిన అన్నం డబ్బా కోసం ఆమె గేటు దగ్గరికి వెళ్లింది. మేస్త్రీ ఒక కొత్త పిల్లను వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఆ పిల్ల భుజాన అదే బిళ్ల, అదే అంకె.

"డబ్బా కోసమా, ఉద్యోగం కోసమా?" అన్నాడతను నవ్వుతూ.

ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు.

"అమ్మాయ్, ఆ అంకెను నమ్ముకోకు. యాభై తొమ్మిదితో తెగిపోతుంది," అంది. "నీ పేరేంటో చెప్పు."