మూడు తూటాల పొదుపు

వేట ఖరీదైన సరదా అని ఎవరైనా అంటే వెర్నా కెంపైనెన్‌కి ఒళ్ళు మండేది. మిషిగన్ ఉత్తరాన, సుపీరియర్ సరస్సుకి దగ్గర్లో, బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు బంగాళాదుంపలు ఉడకేసిన మనిషి. ఏటా నవంబరు పదిహేనున, జింకల సీజను తెరిచే రోజున, సెలవు పెట్టి అడవికి పోయేది. తండ్రి ఆర్వో వేసుకున్న ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా, దాని మీద చర్చివాళ్ళ పాతబట్టల అమ్మకంలో రెండు డాలర్లకి కొన్న నారింజరంగు కోటు. పడిన జింకని కసాయి దగ్గరికి పంపేది కాదు. వంటింటి బల్ల మీద తనే కోసి, ఎముకల్ని సూపుకి మరగబెట్టి, మిగిలింది ఖీమా కొట్టి, వసంతం దాకా తినేది.

ఇలాంటివాళ్ళ గురించి రాసేవాళ్ళు వెంటనే ప్రకృతి ఒడి అనీ, పూర్వీకుల బాట అనీ మొదలుపెడతారు. వెర్నాకి ఆ ఒడీ తెలియదు, ఆ బాటా తెలియదు. ఆమెకి తెలిసింది మాంసం. ఊళ్ళో దుకాణంవాడు మగజింకల్ని రప్పిస్తుందని ఆడజింక మూత్రాన్ని సీసాలో పోసి ఇరవై డాలర్లకి అమ్ముతుంటే, దాన్ని వరసలో నిలబడి కొంటున్న మగవాళ్ళని చూసి, "వీళ్ళకి జింకలు ఎదురొచ్చి నవ్వాలి" అనేది.

ఆ వరసలో ఆమె తమ్ముడు రసెల్ కూడా ఉండేవాడు. అదే అసలు మంట. తండ్రి వదిలిన నలభై ఎకరాల అడవి, అందులో ఒక చెక్క గుడిసె ఇద్దరికీ చెరిసగం. రసెల్ చెట్టుచెట్టుకీ ఫోనుకి బొమ్మలు పంపే కెమెరాలు కట్టాడు. లోపల వెచ్చగా ఉండే డేరా కొన్నాడు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. కొన్నదంతా కొని, చివరికి వేట గిట్టుబాటు కావడంలేదని తేల్చాడు. డెట్రాయిట్ నుంచి నలుగురు వచ్చి అడవి అద్దెకి తీసుకుంటారట, సీజను పదహారు రోజులకీ నాలుగువేల డాలర్లిస్తారట, అక్క సంతకం పెడితే చాలట.

వెర్నా కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించకుండానే తిరిగింది.

"నీ సోకులకి గిట్టలేదురా. వేటకి గిట్టింది. వంద డాలర్లు దాటకుండా ఈ ఏడు మగజింకని గుడిసె దూలానికి వేలాడదీస్తా. తీస్తే అద్దె మాట మళ్ళీ ఎత్తకు."

"తియ్యలేకపోతే?"

"సంతకం పెడతా."

"లైసెన్సు, పెట్రోలూ కూడా వందలోనే అక్కా. తర్వాత ఏడవకూడదు."

అక్కణ్ణించి ఆమె పట్టుదల పిచ్చిగా ముదిరింది. లైసెన్సూ పెట్రోలూ కలిసి అరవై ఎనిమిది అయింది. పోయినేడు పెట్టెలో తూటాలు నాలుగు మిగిలున్నాయి. కొత్త పెట్టె నలభై అయిదు. కొంటే పందెం అక్కడే పోతుంది.

అక్టోబరులో ఒకరోజు బండి తలుపు తియ్యగానే సీటు వెనకున్న తుపాకి జారి రాయి మీద పడింది. దాని మీది దుర్బిణి అద్దం పగల్లేదు. అది చాలనుకుంది. కిందపడిన తుపాకితో అడవిలోకి పోకూడదని అక్కడ నడక నేర్చినవాడికల్లా తెలుసు. వంద అడుగుల దూరాన మొద్దుకి కాగితం పళ్ళెం మేకు కొట్టి, మూడు తూటాలు పేల్చి, గురి ఎటు తప్పిందో చూసుకుని, దుర్బిణి మర తిప్పి సరిచేసుకోవాలి. ఆర్వో ఇది కొట్టి మరీ నేర్పాడు. మూడు పోతే ఒకటే మిగులుతుంది. వెర్నా ఆ నాలుగింటినీ అరచేతిలో దొర్లించి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకుంది.

సీజను మూడోరోజు ఉదయం, దేవదారుల అంచున, ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింక అడ్డంగా నిలబడింది. ముందుకాలి వెనక, గుండె మీద గురిపెట్టి కొట్టింది. జింక వీపు గూనయింది, ఎగరకుండా కూలబడినట్టు నడుస్తూ పోయింది. గుండెకి తగిలిన జింక అలా పోదు. జానెడు వెనక్కి, పొట్టలో తగిలింది.

మంచులో నెత్తురు ఎర్రగా లేదు, పచ్చగా పేగురసం కలిసి ఉంది. సాయంత్రం దాకా వెతికింది. మంచు కురిసి జాడ కప్పేసింది. మర్నాడు మధ్యాహ్నం కాకులు చూపించాయి. వాగు పక్కన, సగం నక్కలు తినేసి, మిగిలింది కంపుకొడుతూ పడుంది. ఎంతసేపు బతికుందో మట్టిలో గిట్టల గీతలు చెబుతున్నాయి.

రసెల్ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. డేరాలో వెచ్చగా కూర్చున్నవాడు ఈ పని చెయ్యలేదు. వంద డాలర్లు వంద డాలర్లని ఊరంతా చాటిన ఆడది చేసింది. ఏడు డాలర్లు కూడా చెయ్యని మూడు తూటాలు దాచుకోవడానికి ఒక ప్రాణాన్ని రాత్రంతా పొట్ట చీలి పడుండనిచ్చింది.

జేబులోంచి లైసెన్సు చీటీ తీసి ఆ కొమ్ముకి కట్టింది. కుళ్ళిన కళేబరానికి చీటీ కట్టేవాళ్ళుండరు. చీటీకి ఒక్క జింకే, కడితే ఆ ఏడు వేట అయిపోయినట్టే. కట్టింది.

గుడిసెలో పొయ్యి పక్క గోడంతా చొక్కా అంచులే. జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనకంచు మిగతావాళ్ళు నవ్వుతూ కోసి, పేరు రాసి, అక్కడ మేకు కొడతారు. వెర్నాది ఆ గోడ మీద ఎప్పుడూ లేదు. కోటు విప్పి, తండ్రి చొక్కా తీసి, కత్తెర పెట్టింది. పాత ఉన్ని గట్టిగా ఉంది, తెగనంది. పళ్ళు కొరికి కోసి, ఆ ముక్కని గోడకి మేకు కొట్టింది.

రసెల్ తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చాడు. దూలం ఖాళీగా ఉండటం చూశాడు, తర్వాత గోడ చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అది నాన్న చొక్కా కదే."

"కాగితం తే. సంతకం పెడతా."

"వద్దులే అక్కా. పందెం ఏదో మాటవరసకి..."

"తెమ్మన్నానా. జాలి నీ దగ్గరే అట్టిపెట్టుకో."

సంతకం పెట్టేముందు కాగితం అడుగున తన చేత్తో ఒక షరతు రాసింది.

మరుసటి ఏడు నవంబరు పద్నాలుగు ఉదయం నలుగురూ కొత్త బండిలో దిగారు. గేటు మూసుంది. గేటుకి ఇవతల వెర్నా, వందడుగుల అవతల మొద్దుకి కాగితం పళ్ళెం.

"తలా మూడు. ఇక్కడే. ఆ తర్వాతే గేటు."

పొడుగాటివాడు మర్యాదగా నవ్వాడు. "దుకాణంలోనే గురి సరిచూసి ఇచ్చారమ్మా. ఊరికే తూటాలు దండగ."

"దుకాణంలో జింకలుండవు. కొట్టు."

కొట్టాడు. పళ్ళెం కదల్లేదు. దానికి జానెడు ఎడంగా మొద్దు బెరడు లేచింది. మిగతా ముగ్గురూ తమ తుపాకుల్ని పెట్టెల్లోంచి తీశారు. రసెల్ వెనకాల నిలబడి బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"మర తిప్పు. మళ్ళీ కొట్టు," అంది వెర్నా.

మనిషికో పళ్ళెం మార్చి, నాలుగు పళ్ళేలూ నడుమ చిల్లులు పడేదాకా గేటు తియ్యలేదు. తీశాక తన బండెక్కి, ఎవరైనా ఊరికే వేటాడుకోగల కాగితం కంపెనీ అడవివైపు తిప్పింది. పక్క సీటు మీద కొత్త తూటాల పెట్టె ఉంది. ఇరవైలో పదిహేడే ఉన్నాయి.