బొగ్గుతో రాసిన పేరు

ఈ ఏడాది సమాధుల పండుగకి మా కోడలు నరసరావుపేట నుంచి నల్లరంగు డబ్బా, సన్న కుంచె కొనుక్కొచ్చింది. మా వాళ్ల సమాధుల మీద పేర్లన్నీ దిద్దడం అయిపోయాక, మూలనున్న నాపరాయి ఒకటి చూసి, "అక్షరాలన్నీ అరిగిపొయినయ్యి. ఎవరిదత్తయ్యా ఇది, పేరేంది?" అని అడిగింది.

అది మా పక్కింటి అత్త కొడుకు పేరు. చుట్టరికం ఏమీ లేదు గానీ గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు కాబట్టి ఆమె అత్త, ఆయన మామ, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు నాకు బావ. మా రోజుల్లో బావ పేరు నోటితో పలికే ఆడపిల్ల ఎక్కడుంది? పుస్తకాల చాటున తలదాచుకునే నేనైతే డైరీలో కూడా బావ అనే రాసుకునేదాన్ని. ఆయన హైస్కూలు చదువు కాగానే వైమానిక దళంలో చేరాడు. విమానం నడిపే పని కాదు, దానికి పెట్రోలు పట్టి, చక్రాలు సరిచూసి పైకి పంపే పని. సెలవుకి వచ్చినప్పుడు, మా ఇంటి మీదుగా ఎప్పుడు ఎగురుతావన్నా అని పిల్లలు వెంటపడితే, "నేనేడ ఎగురుతాన్రా, ఎగిరేవాళ్లని సాగనంపుతా" అని నవ్వేవాడు.

అరవై అయిదులో యుద్ధం వచ్చినప్పుడు ఉత్తరాదిన ఆయనున్న చోట బాంబులు పడ్డాయి. ముందు టెలిగ్రాం వచ్చింది, తర్వాత ఆయన రేకుపెట్టె వచ్చింది. ఒళ్లు రాలేదు. పంపడానికి ఏమీ మిగల్లేదని పెట్టెతో వచ్చినాయన మామతో గొంతు తగ్గించి చెప్పిన మాట గోడకి ఇవతల నాకూ వినబడింది.

ఆ మీదట కొద్ది రోజులకే సమాధుల పండుగ. అందరితోపాటు అత్త కూడా సున్నం బకెట్టు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది. తీరా వచ్చాక ఆమెకి సున్నం వేసుకోవడానికి సమాధి లేదు. ఆ వరసల మధ్య కాసేపు తిరిగి, బకెట్టు అలాగే ఇంటికి మోసుకెళ్లి సున్నమంతా వాకిట్లో పారబోసింది. ఆ తెల్లమరక చాన్నాళ్లు పోలేదు.

తన కొడుక్కీ ఒక చోటు కావాలని ఆమె పట్టుబట్టినప్పుడు ఆడవాళ్లంతా భయపడ్డారు. "ఒళ్లు లేకుండా సమాధేందొదినా? ఖాళీ సమాధి ఇంట్లో ఇంకో మనిషిని అడుగుద్ది" అంది ఒకావిడ. అత్త తల కూడా తిప్పలేదు.

"అడగనీయ్. నేనున్నాగా."

మామ నాపరాళ్ల క్వారీలో రాళ్లు కొట్టేవాడు. మంచి పలక ఒకటి ఏరి బండి మీద తెచ్చుకున్నాడు గానీ ఆయనకి అక్షరాలు రావు. బొగ్గుముక్క నా చేతిలో పెట్టి, "నీ రాత గుండ్రంగా ఉంటదంటగా, రాయమ్మా" అన్నాడు. డైరీలో ఎన్నడూ రాయని పేరు మొదటిసారి ఆ రాతి మీద రాశాను. దాని కింద తండ్రి పేరు, ఊరు, యుద్ధంలో ప్రాణమిచ్చాడన్న మాట. నా బొగ్గుగీతల వెంబడే ఉలి పెట్టి మామ వంచిన తల ఎత్తకుండా చెక్కాడు. అంతా అయ్యాక రాతిపొడి అరచేత్తో తుడిచి, "ఇంతకీ ఇందులో మావాడి పేరేదమ్మా?" అని అడిగాడు.

ఆయన వేలు పట్టుకుని పేరులో మొదటి అక్షరం మీద పెట్టాను. మిగతావి ఆయనే ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయి, ఆఖరి అక్షరం దగ్గర ఆగిపోయాడు.

మూడేళ్లకే అత్త పోయింది. ఎవరినీ అడగకుండా మామ ఆ పలక ఎత్తించి, దాని కిందనే గొయ్యి తీయించి ఆమెను పెట్టాడు. ఇంకో పేరు చెక్కమంటే తనవల్ల కాదన్నాడు. అందుకే ఆ రాతి మీద కొడుకు, రాతి కింద తల్లి.

ఇప్పుడు పాలరాతి పలకలు ఫోటోలతో సహా మిషన్ మీద ఒక్క పూటలో తయారై వస్తున్నాయి. మా కోడలు మా అబ్బాయిని వీధిలోకి వినబడేలా పేరు పెట్టి పిలుస్తుంది, వినడానికి నాకు బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఈ వయసులోనూ బావ పేరు చెప్పడానికి నోరు పెగల్లేదు. కుంచె ఇటివ్వమని అడిగి తీసుకున్నాను. చూపు సరిగా ఆనకపోయినా, ఉలి తొలిచిన ఆ గాట్లలో చెయ్యి దానంతటదే నడిచింది. కోడలు పక్కన కూర్చుని, నేను దిద్దిన అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని ఆ పేరు పైకి చదివింది. మామ కూడా పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదు. ఊళ్లో బావని ఎరిగినవాళ్లు నేను తప్ప ఇక లేరు.