చావు వేషాల యాస్నా

యాస్నాకి మొదటి సినిమాలో దొరికిన వేషం చిన్నది. జర్మన్ల కళ్ళు గప్పి కొండల్లోని పార్టిజాన్ గెరిల్లా దళానికి కబుర్లు మోసే పిల్ల వేషం. వంతెన దాటుతుంటే గుండు తగులుతుంది, కమ్మీ పట్టుకుని మెల్లగా కిందికి జారిపోతుంది, అంతే. ఆ జారడంలో ఏం కనపడిందో గానీ, బెల్‌గ్రేడ్‌లో ఆ సినిమా చూసిన దర్శకులందరికీ ఒకటే బుద్ధి పుట్టింది. ఈ అమ్మాయి బాగా చస్తుంది, పిలవండి అన్నారు.

అప్పట్నుంచి ఆమెకి చావడం తప్ప వేరే పని లేకుండా పోయింది. ఆ రోజుల్లో యుగోస్లావియాలో యుద్ధం సినిమాలకి కొదవ లేదు, వాటిలో చావాల్సిన ఆడపిల్లలకీ కొదవ లేదు. ఒకదాంట్లో పంతులమ్మగా ఉరికంబం ఎక్కింది. ఇంకోదాంట్లో టైఫస్ జ్వరంతో గడ్డివాములో కన్ను మూసింది. నటన కళాశాలలో పాడటం, నవ్వించడం, కత్తి తిప్పడం అన్నీ నేర్పారు, ఏదీ అక్కరకు రాలేదు. కావలసిందల్లా మంచులో కదలకుండా పడుకోవడం. శవం నోట్లోంచి ఆవిరి రాకూడదు కాబట్టి, కెమెరా తిరిగే ముందు గుప్పెడు మంచు నోట్లో కుక్కుకుని కరిగేదాకా ఉంచుకునేది. దాంతో పళ్ళు జివ్వుమనేవి, గొంతు చలికాలమంతా పూడుకుపోయే ఉండేది.

"లేవండి కీర్తిశేషురాలా, కాఫీ చల్లారిపోతోంది" అనేవాడు సహాయ దర్శకుడు రాస్త్‌కో. మొదట్లో అందరితో పాటు తనూ నవ్వేది. తర్వాత్తర్వాత లేచి, జుట్టులోని బీట్‌రూట్ నెత్తురు తుడుచుకుని, తిన్నగా వెళ్ళి కాఫీ తాగేది. అలసిపోయింది పాపం. ఇరవై నాలుగేళ్ళ పిల్ల అంత అలసిపోకూడదు.

కానీ ఆమెని నిజంగా కుంగదీసింది చలి కాదు, నాయనమ్మ కొవ్వొత్తులు.

వాల్యెవో దగ్గరి కొండ ఊళ్ళో యాస్నాని పెంచింది నాయనమ్మ స్తామెనా. తల్లి పురిట్లోనే పోయింది, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని ఇంకో ఊరు పోయాడు. మొదటి సినిమా ఊరి సంస్కృతి భవనంలో ఆడిన తర్వాత ఆదివారం, యాస్నా నాయనమ్మ వెంట చర్చికి వెళ్ళింది. అక్కడ ఇసుక పోసిన రేకు పెట్టెకి రెండు అరలు. పై అర బతికున్నవాళ్ళకి, కింది అర పోయినవాళ్ళకి. ఎవరి పేరున వెలిగిస్తే వాళ్ళ అరలో గుచ్చాలి. నాయనమ్మ యాస్నా పేరు చెప్పి పైన ఒకటి గుచ్చింది. తాత పేరున, కోడలి పేరున కింద గుచ్చింది. తర్వాత మరొకటి వెలిగించి, వంగి, అదీ కిందే గుచ్చింది.

"అదెవరికి నాయనమ్మా?"

"ఆ వంతెన మీది పిల్లకి. అమ్మా అయ్యా లేరని సినిమాలో చెప్పారుగా. దానికెవరు పెడతారే?"

"అది నేనే కదా!"

"నీది పైన పెట్టాగా" అంది నాయనమ్మ, ఇందులో తెలియనిదేముందన్నట్టు.

ఆవిడకి సినిమా తెలియక కాదు. చూసినదాన్ని చూడనట్టు ఉండలేదంతే. తర్వాత పంతులమ్మకి ఒకటి చేరింది, జ్వరం పిల్లకి ఒకటి చేరింది. యాస్నా సెలవుకి వచ్చినప్పుడల్లా కింది అర నిండుతూ ఉండేది. తన ముఖమే అక్కడ వరసగా నిలబడి కరిగిపోతున్నట్టు ఉండేది ఆమెకి. నాయనమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు వంగడం మానేస్తున్నాయి. ఈవిడ ఉండగా నా వేషం పేరున పై అరలో ఒక్కటి పెట్టించాలి అనుకుంది యాస్నా. అవార్డులూ పోస్టర్లూ ఎవరిక్కావాలి, బతికి బట్టకట్టే వేషం ఒక్కటి చాలు.

అది చివరికి దొరికింది. హాస్య చిత్రాలు తీసే వెల్యా ఆమెని పిలిచాడు. సారా బట్టీ కోసం కొట్టుకునే రెండు కుటుంబాలు, వాళ్ళ మధ్య ఒక పెళ్ళి. యాస్నాది సైకిలు మీద కబుర్లు మోసే పోస్టుపిల్ల వేషం, పేరు రుజిత్సా. చివర్లో పెళ్ళికొచ్చి, టోపీ గాల్లోకి విసిరి, అందరితో చేతులు కలిపి కోలో నాట్యం ఆడుతుంది. ఆ నాట్యం తీసిన రోజు యాస్నా అలుపు లేకుండా ఆడింది. వెంటనే ఊరికి కబురు పంపింది, "ఈసారి చావను, నాయనమ్మని ముందు వరసలో కూర్చోబెట్టండి" అని.

పట్నంలో కొంతమందిని పిలిచి సినిమా ముందుగా చూపించిన మర్నాడు వెల్యా ఆమెని తన గదిలో కూర్చోబెట్టాడు. సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగించాడు గానీ ఆమె ముఖం మాత్రం చూడలేదు.

"నీ తప్పేం లేదమ్మా యాస్నా. నువ్వు సైకిలెక్కి వస్తున్నావా, హాలంతా బిగుసుకుపోయింది. ఎక్కడ మందుపాతర పేలుతుందా అని చూస్తున్నారు జనం. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు. పెళ్ళిలో నువ్వు ఆడుతుంటే ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది."

"మరి ఏం చేస్తారు?"

"చేసేశాం. చివరి సగంలో నువ్వు లేవు. సైకిలు తొక్కుతూ కొండ మీది పొగమంచులోకి వెళ్ళిపోతావు, అంతే."

"నాయనమ్మకి చెప్పాను వెల్యా గారూ, చావనని."

"చావలేదుగా" అన్నాడాయన, తన మాట తనకే నచ్చక గొంతు తగ్గించి.

ఊళ్ళో సినిమా పడిన శనివారం యాస్నా వెళ్ళింది. చెప్పేద్దామనుకుంది, నోరు రాలేదు. నాయనమ్మ పండగ శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కింటి పెట్రియా వెనకనుంచి వంగి, "ఈసారైనా చివరిదాకా ఉంటావా తల్లీ, లేక మా చేతిరుమాళ్ళు తడపాల్సిందేనా?" అంది. యాస్నా నవ్వేసి తెర వైపు తిరిగింది.

రుజిత్సా తెరమీదికి వచ్చింది, గంట మోగించింది, పొగమంచులోకి పోయింది. పెళ్ళి జరిగింది. అందరూ ఆడారు. నాయనమ్మ ఆడేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే వెతుక్కుంది. దీపాలు వెలిగాయి.

"చంపేశారు పాపం" అంది పెట్రియా. "సరదా సినిమా కదా, చూపించలేదంతే."

హాలంతా ఔనౌనంటూ తల ఊపింది. ఆ ఊరివాళ్ళ మీద యాస్నాకి ఒళ్ళు మండింది. ఎవరిమీదని మండిపడుతుంది, ఇన్నేళ్ళూ వాళ్ళకి అదే నేర్పింది తనేగా. నాయనమ్మ ఆమెని ఇంటికి తీసుకెళ్ళింది. మొక్కజొన్న రొట్టె, మీగడ ముందు పెట్టి, పడుకోమంది.

మర్నాడు చర్చిలో నాయనమ్మ కొవ్వొత్తులన్నీ ఎప్పటిలాగే గుచ్చింది. పైన యాస్నాది. వంగలేక వంగి కింద తాతది, కోడలిది, వంతెన పిల్లది, పంతులమ్మది, జ్వరం పిల్లది. చేతిలో ఒకటి మిగిలింది. వెలిగించి అలాగే పట్టుకు నిలబడింది. మైనం వేలిమీదికి కారుతోంది.

"ఇది ఆ పోస్టుపిల్లకి తెచ్చా" అంది. "అది పోయిందని పెట్రియా అంటుంది. నేను చూళ్ళేదు. నువ్వు అక్కడున్నావు కదా, నువ్వు చెప్పు. ఉందా, పోయిందా?"

"ఉంది నాయనమ్మా. పెళ్ళికొచ్చింది. టోపీ విసిరింది. అందరికన్నా ఎక్కువసేపు ఆడింది. నేనే ఆడాను."

"మరి మాకు చూపించలేదేం?"

"కోసేశారు."

నాయనమ్మ వేలిమీది మైనం గీకేసుకుంది.

"చచ్చినవాళ్ళని అంతసేపు చూపిస్తారు, బతికున్నదాన్ని కోసేస్తారా? ఏం మనుషులే వాళ్ళు" అంది. అని, మునివేళ్ళ మీద లేచి, పై అరలో యాస్నా కొవ్వొత్తి పక్కనే ఇసుకలో దాన్ని గుచ్చింది. వాలకుండా చుట్టూ ఇసుక నొక్కింది.

యాస్నాకి ఏడుపు ఆగలేదు. ఇన్ని చావులు చచ్చినా ఒక్కదానికీ నిజంగా ఏడవని పిల్ల, ఆ రేకు పెట్టె ముందు నిలబడి ఏడ్చింది.

బయటికొచ్చాక బస్సు కోసం ఎదురుచూస్తూ నాయనమ్మ అడిగింది.

"రేపు ఏం వేషం?"

"నర్సు. మంచులో."

"పోతుందా?"

"పోతుంది నాయనమ్మా."

"పేరేంటి?"

"ఇంకా పెట్టలేదు."

"పెట్టమని చెప్పు" అంది నాయనమ్మ, ఆమె మెడకి శాలువా బిగించి కడుతూ. "పేరు లేకుండా నేను ఎవరికని వెలిగించను?"