టిఫిన్ సంచిలో శాంపిల్ డబ్బా

మృత్యువుతో నేను చేసిన మహాసంగ్రామం గురించి చెప్తాను. నిజానికి సంగ్రామమేమీ లేదు. మూత్రం డబ్బా ఒకటి ఉంది.

సౌదీలోని జుబైల్‌లో, ఒక ప్లాంట్‌ను ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనికి పైప్ ఫిట్టర్‌గా వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నేను పనిచేసే టవర్ దిగి టాయిలెట్‌కు వెళ్లి రావడానికి అరగంట. ఫోర్‌మన్ కంట పడకూడదని నీళ్లు తాగడమే మానేశాను. ఒకరోజు మూత్రం డికాక్షన్ రంగులో, మంటతో వచ్చింది. నడుము పట్టేసింది.

క్యాంప్ క్లినిక్‌లో యూరిన్ టెస్ట్ రాసి డబ్బా ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే రూమ్‌లో నింపి, టిఫిన్ సంచిలో పప్పు గిన్నె పక్కన పెట్టుకొని డ్యూటీకి పోయాను. సాయంత్రం బస్సు దిగాక ల్యాబ్‌లో ఇచ్చాను. డ్యూటీ ఎగ్గొట్టలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రిపోర్ట్ ఫోన్‌కు వచ్చింది. 'బాక్టీరియా: మెనీ.' లెక్కపెట్టే ఓపిక వాళ్లకూ లేనట్టుంది.

నా కింది మంచంలో ఉండే జగిత్యాల మల్లేశన్న అది చూసి తల పట్టుకున్నాడు.

"పోయినేడు మన రూంల ఉన్న లింగన్నకు గూడ గిట్లనే మొదలైందిరా. ఇప్పుడు ఇంటికాడ డయాలిసిస్ మీద ఉన్నడు."

"ధైర్యం జెప్పమంటే గిదా అన్నా?"

"ధైర్యంగనే ఉండు. కంపెనీకి తెల్వనియ్యకు. అన్‌ఫిట్ అంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు."

ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ గోళీలిచ్చాడు. దేనికోసం కొన్నాడో ఆయనకే గుర్తులేదు. రెండు రోజులు మింగాను. వాంతులు మొదలయ్యాయి.

నా భార్య లతకు అప్పుడు ఏడో నెల. డయాలిసిస్ మనిషినై ఆమె ముందు దిగడమే కళ్లముందు కదిలేది. ఫోన్‌లో "ఏం తిన్నవ్?" అంది. "బిర్యానీ" అన్నాను, బకెట్ దగ్గరికి లాక్కుంటూ.

చివరికి క్లినిక్‌కే వెళ్లాను. మలయాళీ డాక్టర్ రిపోర్ట్ చూశాడు.

"శాంపిల్ కబ్ లియా?"

"సుబే పాంచ్ బజే, సార్."

"ల్యాబ్‌కో కబ్ దియా?"

"షామ్ ఛే బజే."

"బీచ్‌మే కహా థా?"

"టిఫిన్‌మే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పొద్దున ఐదు నుంచి సాయంత్రం ఆరు దాకా టిఫిన్ సంచి వేడిలో ఉంటే డబ్బాలోనే బాక్టీరియా పెరుగుతుందట. ఇన్ఫెక్షన్ ఉంటే కనిపించే పస్ సెల్స్ లేవు, చర్మం నుంచి రాలే ఎపిథీలియల్ సెల్స్ ఎక్కువ; కంటామినేషన్, అంటే బయటి మురికి కలిసి ఉండవచ్చన్నాడు. అయితే గోళీలు మింగాను కాబట్టి ఇప్పుడు బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ టెస్ట్ చేసినా నమ్మలేం. పైగా అప్పుడే చేయించిన రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువుంది. గోళీలు మానేసి, నీళ్లు తాగి, వారం తర్వాత రమ్మన్నాడు.

ఆ వారం లింగన్న తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. మొక్కని దేవుడు లేడు. ఏడుపొస్తే స్నానాల గదిలో నల్లా విప్పుకొని ఏడ్చేవాణ్ణి. తాగాల్సిన నీళ్లు అలా పోయాయి.

వారం తర్వాత కల్చర్‌లో 'నో గ్రోత్', బాక్టీరియా ఏమీ పెరగలేదు. క్రియాటినిన్ నార్మల్.

"మరి నాకు క్యా థా, సార్?"

"పానీ నహీ పీతా థా. బస్."

నీళ్లు తాగకపోవడమే నా జబ్బట. ఇప్పుడు గంటకోసారి తాగుతున్నాను, గంటన్నరకోసారి టవర్ దిగుతున్నాను. ఫోర్‌మన్ చూస్తే చూడనీ. పాప పుట్టాక లతకు అంతా చెప్పాను. "ఆ సంచి ఇంకా వాడుతున్నవా?" అంది. మల్లేశన్న అయితే నా పప్పు ముట్టడం లేదు.

మీకూ ఈ టెస్ట్ రాస్తే, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టి, అప్పటికప్పుడే ఇవ్వండి. ల్యాబ్ పక్కనే టాయిలెట్ ఉంటుంది.